గంజాయి కేసుల్లో కిలో, ఇరవై కిలోల లెక్క ఎక్కడి నుంచి వచ్చింది, అందులో ఇరుక్కునేది ఎవరు

హైదరాబాద్‌లో ఇప్పుడు డ్రగ్స్ పట్టుకున్నారన్న వార్త లేకుండా వారం గడవట్లేదు. ఆ వార్త రాగానే ఇంట్లో అయినా ఆఫీసులో అయినా వినపడే మాట ఒకటే, ఉరి తీయాలి, ఎన్‌కౌంటర్ చేసి పడేయాలి అని. ఇంకో పక్క కొద్దిమంది గంజాయిని లీగల్ చేసేస్తే గొడవే వదిలిపోతుంది కదా అంటారు. మధ్యలో అసలు చట్టంలో ఏముంది, నలభై ఏళ్లలో దాన్ని ఎన్నిసార్లు మార్చారు, దాని కింద జైల్లో మగ్గుతున్నది ఎవరు అనేది మాత్రం ఎవరూ మాట్లాడరు. అందుకే ఇది రాస్తున్నా, కొంచెం పొడుగు అవుతుంది.

ముందు పాత సంగతి. గంజాయిని నిషేధించాలా వద్దా అని బ్రిటిష్ వాళ్లే 1893లో ఒక కమిషన్ వేశారు, వందలమంది సాక్షుల్ని పిలిచి విచారించి 1894లో రిపోర్ట్ ఇచ్చారు. మితంగా వాడితే పెద్ద హాని కనపడలేదు, పూర్తిగా నిషేధించొద్దు, లైసెన్సులు పన్నులతో కంట్రోల్ చేయండి అన్నది దాని సారాంశం. నిజాం రాజ్యంలో కూడా ఆబ్కారీ, అంటే మద్యం, మత్తు పదార్థాల మీద పన్ను, ఖజానాకి పెద్ద ఆదాయం. అంటే చాలా కాలం పాటు ఇది పన్నుల వ్యవహారమే గానీ ఇప్పట్లాగా జైళ్ల వ్యవహారం కాదు.

తర్వాత 1961లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం వచ్చింది. మన దేశం కూడా ఒప్పుకుంది, కాకపోతే గంజాయి వాడకం ఆపడానికి 25 ఏళ్ల గడువు దొరికింది, భాంగ్ ఆకుల్ని ఆ పరిధిలోకి రాకుండా బయట పెట్టుకున్నారు. బేగంబజార్ వైపు హోలీకి భాంగ్ తాగినవాళ్లని ఈ చట్టం కింద పట్టుకోకపోవడానికి కారణం అదే. 80ల్లో అఫ్గాన్ యుద్ధం వల్ల అటువైపు నుంచి బ్రౌన్ షుగర్ (నాసిరకం హెరాయిన్) దిగడం మొదలై ఢిల్లీ, బొంబాయి కుర్రాళ్లు దానికి అలవాటు పడుతుంటే రాజీవ్ గాంధీ ప్రభుత్వం ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల చట్టం తెచ్చింది. 1985 ఆగస్ట్ 23న లోక్‌సభలో బిల్లు పెట్టారు, సెప్టెంబర్ 16కల్లా రాష్ట్రపతి సంతకం అయిపోయింది, నవంబర్ 14 నుంచి అమలు. ఇంత పెద్ద చట్టానికి నెల కూడా పట్టలేదు, చర్చ ఏపాటి జరిగి ఉంటుందో మీరే ఆలోచించండి.

ఆ మొదటి చట్టంలో ఎంత దొరికింది అన్నదానితో పెద్దగా పనే లేదు. సొంతంగా వాడుకోడానికే అని రుజువు చేసుకోలేకపోతే, హెరాయిన్ లాంటివి కొన్ని గ్రాములు దొరికినా తక్కువలో తక్కువ పదేళ్లు. 1989లో ఇంకా బిగించారు. రెండోసారి పెద్ద ఎత్తున దొరికితే తప్పనిసరి మరణశిక్ష, బెయిల్‌కి సెక్షన్ 37. ఈ 37 గురించి చెప్పాలి. మామూలు కేసుల్లో బెయిల్ ఇవ్వాలంటే నిందితుడు పారిపోతాడా, సాక్షుల్ని బెదిరిస్తాడా అని చూస్తారు. ఇక్కడ అలా కాదు, ఇతను నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయి, బయటికెళ్తే మళ్ళీ చేయడు అని జడ్జికి అనిపించాలి. విచారణ మొదలు కాకముందే నిర్దోషి అని చూపించుకోమంటే ఎవరి వల్ల అవుతుంది చెప్పండి.

ఇప్పుడు మనం వినే స్మాల్ క్వాంటిటీ, కమర్షియల్ క్వాంటిటీ లెక్కలు 2001 సవరణతో వచ్చినవి. గంజాయికి కిలో లోపు చిన్న మొత్తం, 20 కిలోలు దాటితే కమర్షియల్. హెరాయిన్‌కి 5 గ్రాములు, 250 గ్రాములు. కొకైన్‌కి 2, 100. కిలో లోపు గంజాయికి గరిష్టంగా ఏడాది జైలు, 20 దాటితే కనీసం పదేళ్లు, 20 ఏళ్ల దాకా పోవచ్చు, పైగా లక్షకి తగ్గకుండా జరిమానా. సెక్షన్ 37 ఈ కమర్షియల్ కేసులకీ, ఇంకో రెండు మూడు సెక్షన్లకీ పరిమితమైంది. ఇది మంచి సవరణే, కాదనను. తప్పనిసరి మరణశిక్ష కూడా నిలవలేదు, 2011లో బాంబే హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధం అంది, 2014లో పార్లమెంటు దాన్ని జడ్జి ఇష్టానికి వదిలేసింది.

కానీ ఈ లెక్క నేల మీద ఎవరి మెడకి చుట్టుకుందో చూడండి. మన దగ్గరికి గంజాయి వచ్చేది ఎక్కువగా ఆంధ్రా ఒడిశా బోర్డర్ నుంచి, సీలేరు, మల్కన్‌గిరి వైపు. బ్రౌన్ టేపు చుట్టిన రెండేసి కిలోల ప్యాకెట్లు, బ్యాగులో పదకొండు సర్దితే చాలు 20 దాటిపోతుంది. ఆ బ్యాగు మోసుకుని రైల్లోనో బస్సులోనో వచ్చేవాడు కూలి డబ్బులకి వచ్చినవాడు, చాలాసార్లు ఏజెన్సీ కుర్రాడు. సరుకు ఎవరిదో, హైదరాబాద్‌లో ఎవరు తీసుకుంటారో అతనికి ఒక ఫోన్ నంబర్ వరకే తెలుసు. పట్టుబడితే చట్టం దృష్టిలో వాడు కమర్షియల్ స్మగ్లర్, ఏళ్ల తరబడి బెయిల్ రాదు, ఆ నంబర్ అవతల ఉన్నవాడు సిమ్ మార్చేస్తాడు. ఛార్జ్‌షీట్‌లో పైవాళ్ల పేర్ల దగ్గర పరారీలో ఉన్నాడు అని రాస్తారు, కథ అక్కడితో ఆగిపోతుంది.

తూకంలో కూడా ఒక తిరకాసు ఉంది. చట్టంలో గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలు మాత్రమే, కొసలు లేకుండా ఉత్త ఆకులు, గింజలు ఉంటే అది గంజాయి కిందకి రాదు. పట్టుకున్నప్పుడు మాత్రం కాడలు, ఆకులు, గింజలు అన్నీ కలిపే తూకం వేస్తారు. 22 కిలోలని రాసినదాంట్లో అసలు కొసలు ఎంత అని తీస్తే 20 లోపుకి రావచ్చు, అప్పుడు శిక్షే మారిపోతుంది, బెయిల్ రూలే మారిపోతుంది. ఈ పాయింట్ మీద హైకోర్టుల్లో బెయిళ్లు వచ్చాయి కూడా. కానీ ఆ పాయింట్ పట్టుకుని వాదించే లాయర్ని పెట్టుకునే స్తోమత ఆ బ్యాగు మోసినవాడికి ఎక్కడుంది. ఢిల్లీ కేసు ఒకటి, మహమ్మద్ ముస్లిం అనే అతనిది, ఏడేళ్లు దాటి విచారణ ఖైదీగానే ఉన్నాక 2023 మార్చిలో సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చింది, విచారణ ఇంత ఆలస్యమైతే సెక్షన్ 37 అడ్డు కాకూడదని చెప్పింది. అక్కడిదాకా వెళ్లగలిగినవాళ్లు ఎంతమంది ఉంటారు.

ఇక మన ఊరి కథ. 2017 జులైలో డ్రగ్స్ కేసులో ఎక్సైజ్ సిట్ సినిమావాళ్లని వరసగా పిలిచి విచారించినప్పుడు రోజూ టీవీల్లో అదే, నాంపల్లి ఎక్సైజ్ ఆఫీసు ముందు కెమెరాలే కెమెరాలు. 2021 సెప్టెంబర్‌లో సైదాబాద్‌లో ఒక పసిపాప మీద జరిగిన అత్యాచారం, హత్య తర్వాత జనం కోపం గంజాయి మీదకి మళ్లింది, ఆ కోపం న్యాయమైనదే. అక్టోబర్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ సమీక్ష పెట్టారు, ఆ నెలలోనే రోడ్డు మీద బైకులు ఆపి, ఫోన్ తీయమని, వాట్సాప్‌లో గంజాయి అనే మాట కొట్టి వెతుకుతున్న వీడియోలు బయటికొచ్చాయి. ఎవర్నీ బలవంతం చేయట్లేదని పోలీసులు అన్నారు, కానీ నడిరోడ్డు మీద పోలీసు ఫోన్ అడిగితే ఇవ్వనని ఎంతమంది అనగలరు, అదీ బస్తీ పిల్లలు. 2022 ఫిబ్రవరిలో సిటీ పోలీసులు డ్రగ్స్ కోసం హెచ్‌న్యూ అనే ప్రత్యేక విభాగం పెట్టారు, ఏప్రిల్‌లో బంజారాహిల్స్ పబ్ రెయిడ్, తర్వాత రాష్ట్రానికంతా నార్కోటిక్స్ బ్యూరో, 2025 జూన్ 26న దానికి ఈగల్ అని పేరు.

కానీ ఈ ఊరికి బిగించడం కొత్త కాదు, అది మర్చిపోతున్నాం. 1995 జనవరిలో ఎన్టీఆర్ మద్యనిషేధం పెడితే 1997లో ఎత్తేయాల్సి వచ్చింది. ధూల్‌పేట ఒకప్పుడు గుడుంబాకి పెట్టింది పేరు, 2015, 16ల్లో గట్టిగా ఆపించారు, పునరావాసం అన్నారు, అది అందరికీ అందలేదని అక్కడివాళ్లు ఇప్పటికీ అంటారు, కొన్నేళ్లకి అదే గల్లీల్లో గంజాయి ప్యాకెట్లు, 2024లో మళ్ళీ ఆపరేషన్ ధూల్‌పేట. (వినాయక విగ్రహాలు, పతంగులు చేసి బతికే వేలమందికి కూడా ఆ పేరు అంటుకుంది, అది ఇంకో అన్యాయం.) 2015లోనే జిల్లాల్లో కల్లులో ఆల్ప్రాజోలం, డైజీపామ్ అనే మత్తు మందులు కలపకుండా ఒక్కసారిగా ఆపేసేసరికి జనం మెడలు వంగిపోయి, ఒళ్ళు వణికిపోతూ, ఏదేదో మాట్లాడుతూ నిజామాబాద్ నుంచి ఎర్రగడ్డ దాకా ఆస్పత్రులు నింపేశారు. అప్పుడు ఎవరూ వాళ్లని నేరస్తులు అనలేదు, జబ్బు మనుషులనే చూశారు. వాళ్ల ఒంట్లో ఉన్నదీ ఈ చట్టం కిందకి వచ్చే మందే కదా.

నా మాట ఇదే, వాడేవాడిని జబ్బు మనిషిగా చూడటం కొత్తగా కనిపెట్టాల్సిన పని కాదు, ఈ చట్టంలోనే ఉంది. సెక్షన్ 64ఏ ప్రకారం అలవాటు పడినవాడు తనంతట తను చికిత్సకి ఒప్పుకుంటే, చిన్న మొత్తం కేసైతే, ప్రాసిక్యూషన్ ఉండదు. సెక్షన్ 39 ప్రకారం కోర్టు జైలు బదులు చికిత్సకి పంపొచ్చు. 2025 జులైలో గచ్చిబౌలిలో కొనడానికి వచ్చిన 14 మందిని, వాళ్లలో ఐటీ ఉద్యోగులు కూడా ఉన్నారు, ఈగల్ వాళ్లు జైలుకి కాకుండా డీఅడిక్షన్‌కి పంపారు. చాలా మంచి పని చేశారు. అదే దారి మంగళ్‌హాట్‌లో గంజాయి సిగరెట్‌తో దొరికిన ఆటో డ్రైవర్‌కి కూడా ఉండాలి, అతనికి ఈ సెక్షన్ ఉందని స్టేషన్‌లోనే ఎవరో ఒకరు చెప్పాలి, జిల్లాల్లో గవర్నమెంటు డీఅడిక్షన్ బెడ్లు పెరగాలి.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2019లో బయటపెట్టిన సర్వేలో ఏడాదిలో ఒక్కసారైనా గంజాయి, భాంగ్, చరస్ లాంటివి వాడినవాళ్లు దేశంలో 3.1 కోట్ల మంది అని తేలింది. అంతమందిని ఏ జైల్లో పెడతారు. సొంత వాడకాన్ని నేరం కాకుండా చేద్దామని అదే శాఖ 2021లో సూచించినట్టు వార్తలొచ్చాయి. ఆ ఏడాది డిసెంబర్‌లో చట్టానికి సవరణ వచ్చింది కూడా, కానీ అది 2014లో సెక్షన్ నంబర్ మార్చడం మర్చిపోయిన డ్రాఫ్టింగ్ తప్పుని సరిచేయడానికి. వాడేవాళ్ల మీది సెక్షన్ 27 అలాగే ఉంది, 20 కిలోల బ్యాగు మోసినవాడికీ, ఆ బ్యాగు పంపించినవాడికీ ఒకటే శిక్ష అన్న లెక్క కూడా అలాగే ఉంది.