మానేశాక మారడమే అసలు కష్టం

మావాడు మందు మానేసి నాలుగు నెలలైంది. వరసకు తమ్ముడు. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం, కానీ ఫోన్‌లోంచి పాత స్నేహితుడి నంబరు తీసెయ్యరా అంటే మాత్రం ఇంతెత్తున లేచేవాడు. "తాగట్లేదు కదన్నా, ఇంకేం కావాలి మీకు?" సాయంత్రం వచ్చే దారి మార్చుకోడు, కౌన్సెలింగ్ రోజున ఏదో ఒక పని గుర్తొస్తుంది. దీన్ని మొండితనం అని తేల్చెయ్యడం చాలా తేలిక. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను, ఆ పని చేయకుండా ఉండాల్సింది.

1990ల్లో వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమైన్ అనే, కోరికను నడిపే రసాయనాన్ని విడుదల చేసే కణాలు ఎప్పుడు చురుగ్గా అవుతాయో గమనించాడు. మొదట్లో నోట్లో పళ్లరసం పడ్డప్పుడు చురుగ్గా అయ్యేవి. రసానికి ముందు ఒక లైటు వెలుగుతుందని కోతికి అలవాటయ్యాక, లైటు వెలగగానే చురుకందుకుని, తీరా రసం వచ్చేసరికి మామూలుగా ఉండిపోయేవి. అంటే మెదడు సుఖం కంటే ముందు దాని గుర్తును పట్టుకుంటుంది. మావాడికి ఆ నంబరు, ఆ దారి, సాయంత్రం ఆరు గంటలు, అన్నీ అలాంటి లైట్లే.

దీనికి తోడు ఇంకో బాధ ఉంది. చాలాకాలం మత్తుకు అలవాటుపడ్డ మెదడులో డోపమైన్‌ను అందుకునే గ్రాహకాలు కొన్ని తగ్గుతాయని వ్యసనాల మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త నోరా వోల్కో బృందం స్కాన్లలో చూపించింది. అందుకే కొత్తలో తిండి, కబుర్లు, నిద్ర అన్నీ చప్పగా ఉంటాయి. ఇది మెల్లగా సర్దుకుంటుంది కూడా. మెతాంఫెటమిన్ అనే మత్తుమందు మానేసినవాళ్లలో డోపమైన్ వ్యవస్థలో దెబ్బతిన్న ఒక భాగం ఏడాది దాటాక చాలావరకు కోలుకున్నట్టు 2001లో అదే బృందం చెప్పింది. ఏడాది! నాలుగో నెలలో ఉన్నవాడిని జీవితమంతా మార్చుకోమంటున్నాం మనం, పాతది చేజారిపోయి కొత్తదాని రుచి ఇంకా తెలియని సమయంలో.

ఇక మనం మాట్లాడే తీరు. విలియం మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1993లో తాగుడు సమస్య ఉన్నవాళ్ల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో కౌన్సెలర్ ఎంత గట్టిగా ఎదురు వాదిస్తే, ఏడాది తర్వాత ఆ మనిషి అంత ఎక్కువ తాగుతూ కనిపించాడు. మారాలనుకునే మనిషిలో మారాలి, వద్దు అనే రెండు గొంతులూ ఉంటాయి. మనం మొదటిదాని తరఫున వాదిస్తే, అతను రెండోదాని తరఫున వాదించక తప్పదు, వాదించేకొద్దీ తన మాటలే తనకు నిజమనిపిస్తాయి. మిల్లర్ రూపొందించిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పద్ధతిలో అందుకే మారడానికి కారణాలు మనం చెప్పం, అతని నోట వచ్చేలా అడుగుతాం.

ఒకరోజు ప్రసంగం ఆపి అడిగాను. "సరే, ఆ నంబరు ఉండటం వల్ల నీకేం బాగుంటుంది?"

చాలాసేపు మాట్లాడలేదు. "రాత్రిళ్లు పిచ్చెక్కినట్టుంటే మాట్లాడటానికి వాడొక్కడే ఉన్నాడన్నా."

"మాట్లాడాక?"

"మాట్లాడి ఊరుకోం కదా."

ఆ మాట వాడే అన్నాడు. నాలుగు నెలలుగా నేను నంబరు గురించి గొడవ పడుతున్నాను, వాడు ఒంటరితనం గురించి పోట్లాడుతున్నాడు. ఎదురుతిరగడం వెనక ఏదో ఒక అవసరం దాక్కుని ఉంటుంది, అది బయటపడకుండా అలవాటు ఒక్కటే లాక్కుంటే అక్కడ ఖాళీ మిగిలిపోతుంది.

తాగాలనే కోరిక మాత్రం అలలాంటిది, పైకి లేచి దిగుతుంది, చాలామందికి అరగంటలోపే తగ్గుతుంది. ఆ అరగంట ఎవరితోనైనా గడపగలిగితే చాలు. ఒకవేళ జారినా, 'ఎలాగూ పోయింది' అనుకుని పూర్తిగా వదిలేయడమే ఎక్కువ నష్టం, జారినందుకు కలిగే ఆ సిగ్గు గురించి మనస్తత్వ శాస్త్రవేత్త అలాన్ మార్లాట్ ఎప్పుడో హెచ్చరించాడు. ఒక్క జాగ్రత్త: రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు, డాక్టర్ పర్యవేక్షణలోనే మానాలి.

మావాడు ఆ నంబరు తీసెయ్యలేదు. దాని పేరు మాత్రం మార్చుకున్నాడు. ఇప్పుడు ఫోన్‌లో అక్కడ 'ముందు అక్కకి చెయ్యి' అని ఉంటుంది.