శ్రీహరికోట ఉపగ్రహాల వెనక ఒక గూఢచారి అధికారి

2019 ఏప్రిల్ 1న శ్రీహరికోటలో కొత్తగా కట్టిన గ్యాలరీలో కూర్చుని మామూలు జనం తొలిసారి రాకెట్ ప్రయోగం చూశారు. శ్రీహరికోట అప్పటికింకా నెల్లూరు జిల్లాలోనే ఉంది. 2022లో తిరుపతి జిల్లాకి వెళ్లింది. ఆరోజు పైకెళ్లిన ఎమిశాట్ ఉపగ్రహం బరువు 436 కిలోలు. విద్యుదయస్కాంత తరంగాలను కొలవడం దాని పని అని మాత్రమే ఇస్రో చెప్పింది. పరాయి దేశాల రాడార్ల జాడ పట్టడానికే అని రక్షణ రంగం తెలిసినవాళ్ల మాట.

పైనుంచి నిఘా పెట్టే ఈ పని మన దేశంలో ఉపగ్రహాలతో మొదలవలేదు. దాని మూలాల్లో రామేశ్వర్ నాథ్ కావ్ అనే అధికారి ఉన్నారు. 1918లో కాశీలో పుట్టి, 1940లో పోలీసు సర్వీసులో చేరి, స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది ఇంటెలిజెన్స్ బ్యూరోకి వచ్చారు. 1955లో ఇండోనేషియాలోని బాండుంగ్‌లో జరిగిన ఆసియా, ఆఫ్రికా దేశాల సదస్సుకి చైనా ప్రతినిధులను తీసుకెళ్తున్న ఎయిరిండియా విమానం ‘కాశ్మీర్ ప్రిన్సెస్’ పేలిపోతే, ఆ దర్యాప్తులో మన తరఫున పనిచేశారు.

1962లో చైనా చేతిలో దెబ్బతిన్నాక, సరిహద్దును విమానాలతో ఫొటోలు తీసే ఏవియేషన్ రీసెర్చ్ సెంటర్ పెట్టారు. దానికి తొలి అధిపతి కావ్. ఒడిశాలోని చార్‌బటియా దాని స్థావరం. 1965 యుద్ధంలో విదేశీ సమాచారం చాలలేదని తేలాక, 1968 సెప్టెంబరులో విదేశీ గూఢచర్యం చూసే సంస్థ ‘రా’ (రీసెర్చ్ అండ్ అనాలిసిస్ వింగ్) పుట్టింది. దాన్నీ ఆయన చేతిలోనే పెట్టారు. మూడేళ్లకే బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. బంగ్లాదేశ్ విమోచన దళం ముక్తివాహినికి శిక్షణ ఇవ్వడంలో ‘రా’ పాత్ర పెద్దది. నా దృష్టిలో ఆయన జీవితంలో అతి పెద్ద పని అదే. 1977లో పదవి వదిలారు, 2002లో కన్నుమూశారు.

ఆ తర్వాత కూడా కథ అలాగే నడిచింది. కార్గిల్ యుద్ధం తర్వాత సాంకేతిక నిఘా సంస్థ ఎన్‌టీఆర్‌ఓ వచ్చింది. ముంబై దాడుల తర్వాత, 2009 ఏప్రిల్ 20న, మబ్బుల్లోనూ చీకట్లోనూ చూడగల రాడార్ ఉపగ్రహం రీశాట్-2 శ్రీహరికోట నుంచే వెళ్లింది. ప్రతిసారీ ముందు నష్టం, తర్వాతే ఏర్పాటు. ఇది నన్ను బాధపెట్టే విషయం.

శ్రీహరికోట పక్కనున్న సూళ్లూరుపేట డాబాల మీద నుంచి రాకెట్లు చూస్తూ పెరిగే పిల్లలకి ఇస్రో శాస్త్రవేత్తల పేర్లు తెలుసు. కావ్ లాంటివాళ్లు తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు. ‘రా’కి పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం లేదు. అవినీతి, మానవహక్కుల ఆరోపణలు తప్ప మిగతావన్నీ 2005 సమాచార హక్కు చట్టం పరిధి బయటే పెట్టారు. కనీసం 1971 నాటి ఫైళ్లయినా తెరవాలి.