నియంత్రణ మండలిలో నవాహో మహిళ: లిండా లవ్‌జాయ్ రాజకీయ జీవితం చుట్టూ అపోహలు, వాస్తవాలు

విద్యుత్ ఛార్జీల పిటిషన్లను పరిశీలించి, బహిరంగ విచారణలకు అభ్యంతరాలు రాయడం నా వృత్తి. మన దగ్గర ఆ ఛార్జీలను నిర్ణయించే నియంత్రణ మండలి సభ్యులెవరో చాలామంది వినియోగదారులకు తెలియదు. అందుకే అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో ఆ పదవికి ఎన్నికల్లో నిలబడి గెలిచిన నవాహో (అమెరికా ఆదివాసీ తెగ) మహిళ లిండా లవ్‌జాయ్ ప్రస్తావన తెచ్చినప్పుడల్లా, వినేవారికి ఆశ్చర్యంతోపాటు కొన్ని పొరపాటు అభిప్రాయాలు కూడా కలగడం చూస్తుంటాను. వాటిలో ఎక్కువసార్లు విన్నవాటికి ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: నియంత్రణ మండలి సభ్యత్వం నిపుణుల పదవి, రాజకీయ నాయకులకు అక్కడ పని లేదు.

వాస్తవం: మన దేశంలో 2003 విద్యుత్ చట్టం ప్రకారం ఎంపిక కమిటీ సూచించినవారిలోంచి రాష్ట్ర ప్రభుత్వం సభ్యులను నియమిస్తుంది కాబట్టి మనకు అలా అనిపించడం సహజం. న్యూ మెక్సికోలో మాత్రం 1996లో ఓటర్లు రాజ్యాంగ సవరణను ఆమోదించి, అంతకుముందున్న రెండు సంస్థలను కలిపి పబ్లిక్ రెగ్యులేషన్ కమిషన్‌ను (అక్కడి నియంత్రణ మండలిని) ఏర్పరిచారు. అది 1999 జనవరిలో పని మొదలుపెట్టింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ నియంత్రణ మండలి ఏర్పడింది కూడా ఆ ఏడాదే. 2022 దాకా అక్కడి ఐదుగురు సభ్యులూ ఐదు నియోజకవర్గాల నుంచి పార్టీ అభ్యర్థులుగా పోటీచేసి రావలసివచ్చేది. ఆ రాష్ట్రంలోని క్రౌన్‌పాయింట్ అనే ఊరికి చెందిన లవ్‌జాయ్ 1989లో డెమొక్రటిక్ పార్టీ తరఫున రాష్ట్ర ప్రతినిధుల సభలో అడుగుపెట్టి, ఆ అనుభవంతో కమిషన్ తొలి సభ్యుల్లో ఒకరై 2006 దాకా కొనసాగారు. తర్వాత రాష్ట్ర సెనేట్‌లో పనిచేసి, 2013 నుంచి 2018 దాకా మళ్లీ కమిషన్‌లో ఉన్నారు. ఆమె 2012లో పార్టీ ప్రాథమిక ఎన్నికలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగులో) ఓడించినది అప్పటి సభ్యురాలు థెరెసా బెసెంటి-అగ్విలార్‌ను. 2018లో అదే థెరెసా ఆమెను ఓడించారు. ఇద్దరూ నవాహోలే.

అపోహ: నవాహో సభ్యురాలు కమిషన్‌లో ఉన్నప్పుడు నవాహో ఇళ్లకు కరెంటు రాకపోవడం ఆమె వైఫల్యమే.

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే నియంత్రణ మండలి అధికారం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియకపోవడం వల్ల వచ్చే నింద ఇది. నవాహో భూభాగంలో నేటికీ వేలాది ఇళ్లకు విద్యుత్ లేదు. 2010ల చివర్లో సాధారణంగా చెప్పిన లెక్క సుమారు 15,000. అక్కడ ప్రధానంగా కరెంటు సరఫరా చేసేది 1959లో గిరిజన మండలి స్థాపించుకున్న నవాహో ట్రైబల్ యుటిలిటీ అథారిటీ. అది నవాహో ప్రభుత్వ సంస్థ కాబట్టి దాని ఛార్జీలను నిర్ణయించే అధికారం గానీ, ఫలానా పల్లెకు లైను వేయమని ఆదేశించే అధికారం గానీ రాష్ట్ర కమిషన్‌కు లేదు. కమిషన్ ముఖ్యంగా నియంత్రించేది ప్రైవేటు పెట్టుబడిదారుల విద్యుత్, గ్యాస్ కంపెనీలను. గ్రామీణ సహకార సంఘాలపై దాని అధికారం పరిమితం. అరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రాల్లో విస్తరించిన సుమారు 27,000 చదరపు మైళ్ల నేలపై ఇళ్లు ఒకదానికొకటి మైళ్ల దూరంలో ఉంటాయి. పైగా క్రౌన్‌పాయింట్ ఉన్న తూర్పు ప్రాంతంలో గిరిజన, ప్రైవేటు, కేంద్ర, రాష్ట్ర భూములు చదరంగం గళ్లలా కలిసిపోయి ఉండడంతో, స్తంభాల కోసం ఒకే లైనుకు పలువురి అనుమతులు తీసుకోవలసివస్తుంది. భారీ బొగ్గు విద్యుత్ కేంద్రాలు అదే ప్రాంతంలో ఉండి, వాటి హైటెన్షన్ తీగలు కరెంటు లేని ఇళ్ల పక్కనుంచే దూర నగరాలకు వెళ్లడం తీవ్రమైన అన్యాయమే. అయితే ఆ అన్యాయాన్ని సరిచేసే మీట ఆమె కూర్చున్న బల్లపై లేదు.

అపోహ: ఆమె తనకు ఓట్లేసిన నియోజకవర్గ ప్రయోజనాలనే చూసుకొని తీర్పులిచ్చి ఉంటారు.

వాస్తవం: ఎన్నికై వచ్చినా, కేసు విచారణలో సభ్యులు న్యాయమూర్తుల్లాగే రికార్డులోని సాక్ష్యాన్ని బట్టి తీర్పు చెప్పాలి. 2015 డిసెంబరులో శాన్ హువాన్ బొగ్గు విద్యుత్ కేంద్రంలోని నాలుగు యూనిట్లలో రెండింటిని 2017 చివరికల్లా మూసివేసే ప్రణాళికను కమిషన్ 4-1 ఓట్లతో ఆమోదించినప్పుడు, ఆ నలుగురిలో లవ్‌జాయ్ ఒకరు. ఆ కేంద్రం, దానికి బొగ్గు ఇచ్చే గని ఆమె ప్రాతినిధ్యం వహించిన వాయవ్య ప్రాంతంలోనివే. ఎందరో నవాహో కార్మికుల జీతం వాటిమీదే ఆధారపడి ఉండేది. పర్యావరణ సంఘాల్లో కొందరు ఆ ప్రణాళిక చాలదన్నారు, ఉద్యోగాల కోసం కొందరు భయపడ్డారు. ఛార్జీల కేసులు రాసే మనిషిగా నాకు తెలిసిన సంగతి ఏమిటంటే, ఇలాంటి ఉత్తర్వులో ఏ పక్షమూ సంతోషంగా ఇంటికి వెళ్లదు.

అపోహ: గిరిజన రాజకీయాలు వేరు, రాష్ట్ర రాజకీయాలు వేరు, ఒకరు రెండింటిలోనూ ఉండలేరు.

వాస్తవం: అమెరికా ఆదివాసులకు 1924లో పౌరసత్వం వచ్చినా, పన్ను కట్టని ‘ఇండియన్ల’కు (అంటే ఆదివాసులకు) ఓటు లేదన్న రాష్ట్ర రాజ్యాంగ నిబంధన సాకుతో న్యూ మెక్సికో వారిని అడ్డుకుంది. ఇస్లెటా ప్యూబ్లో అనే ఆదివాసీ సమాజానికి చెందిన ఉపాధ్యాయుడు, మాజీ మెరైన్ సైనికుడు మిగ్వెల్ త్రుహియో వేసిన కేసులో ఫెడరల్ కోర్టు 1948లో ఆ నిబంధనను కొట్టివేసింది. లవ్‌జాయ్ పుట్టింది దాదాపు ఆ రోజుల్లోనే. ఆమె 2006లో నవాహో నేషన్ (నవాహోల స్వయంపాలిత ప్రభుత్వం) అధ్యక్ష పదవికి పోటీచేసి, ఆ తుది పోరుకు చేరిన తొలి మహిళగా నిలిచి జో షర్లీ జూనియర్ చేతిలో ఓడారు. 2010లో మళ్లీ తుది పోరుకు చేరి బెన్ షెల్లీ చేతిలో ఓడారు. తల్లి వంశాన్ని బట్టే గోత్రం నిర్ణయమయ్యే సమాజంలో కూడా, స్త్రీ అత్యున్నత పదవిని చేపట్టరాదని సంప్రదాయం పేరుతో వాదించినవారున్నారు. ఆ మాట ఎన్నికల ప్రచారంలోనూ వినిపించింది.

అపోహ: ఆమెలాగే ఇకముందు కూడా ఆదివాసీ అభ్యర్థులు ఓట్లతో కమిషన్‌కు వస్తూనే ఉంటారు.

వాస్తవం: ఆ దారి మూసుకుపోయింది. 2020లో ఓటర్లు ఆమోదించిన మరో సవరణ ప్రకారం 2023 జనవరి 1 నుంచి అక్కడ ముగ్గురే సభ్యులు, నామినేటింగ్ కమిటీ జాబితా నుంచి గవర్నర్ నియమించేవారు. నియామకాల వల్ల సాంకేతిక నైపుణ్యం పెరుగుతుందన్న వాదనలో బలముందని ఒప్పుకుంటాను. అయినా వాయవ్య నియోజకవర్గ ఓటర్లు తమ మనిషిని తామే పంపుకునే హక్కు పోయిందని కొన్ని ఆదివాసీ సంస్థలు రాష్ట్ర సుప్రీంకోర్టును ఆశ్రయించాయి. కోర్టు ఆ సవరణను నిలబెట్టింది.