హైదరాబాద్ దారుల్లో వయ్యారిభామ: ఎలా వచ్చింది, కోసినా ఎందుకు పోవడం లేదు

హైదరాబాద్ నుంచి ఏ జాతీయ రహదారి పట్టుకుని వెళ్లినా నగరం దాటగానే తారు అంచున కనిపించేది వయ్యారిభామ (పార్థీనియం) అనే కలుపు మొక్కే. విజయవాడ వైపు 65, వరంగల్ వైపు 163, కర్నూలు, నాగ్‌పూర్ వైపు 44, ఏ దారైనా అంతే. ఏటా జంగిల్ క్లియరెన్స్ పేరుతో కోస్తూనే ఉన్నారు, మరుసటి వానకి అది ఇంకా ఒత్తుగా లేస్తూనే ఉంది. ఇందులో మొక్క మొండితనం సగమైతే, మనం రోడ్లు వేసిన తీరు, అంచులు శుభ్రం చేసే తీరు మిగతా సగం.

ఈ మొక్కది మెక్సికో, దాని చుట్టుపక్కల ప్రాంతం. అమెరికా నుంచి పీఎల్-480 అనే ఆహార సాయం పథకం కింద వచ్చిన గోధుమలతో దిగిందని జనం నమ్మకం. అయితే 19వ శతాబ్దం తొలినాళ్ల వృక్షశాస్త్ర జాబితాల్లోనే దీని పేరుంది. అప్పుడు ఎక్కడో మూలన ఉన్నది 1955లో పుణెలో గుర్తించాక దేశమంతా పాకింది. గోధుమ బస్తాలు ఆ వేగాన్ని పెంచి ఉండొచ్చు. కర్ణాటక 1975లోనే చట్టం కింద దీన్ని హానికర కలుపుగా ప్రకటించింది.

రోడ్ల వెంట పాకిన మరో పరదేశి, సర్కారు తుమ్మ కథ వేరు, దాన్ని కోరి తెచ్చుకున్నాం. మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ 1876లో విత్తనాలు అడిగితే, మరుసటి ఏడాది కడప ప్రాంతంలో నాటారు. వంటచెరకు కోసం, బీడు నేలల్లో పచ్చదనం కోసం తెచ్చిన చెట్టు అది. మేకలు కాయలు తిని గింజలను పెంటికలతో రోడ్డు వెంట చల్లుకుంటూ పోయాయి.

అసలు మలుపు రోడ్ల వెడల్పుతో వచ్చింది. ఈ శతాబ్దం మొదటి రెండు దశాబ్దాల్లో నాలుగు వరసల రహదారులు వచ్చాయి, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పూర్తయింది. ప్రతి కట్టకూ మొరం ఎక్కడినుంచో టిప్పర్లలో వచ్చింది, దానితోపాటే గింజలూ వచ్చాయి. పక్కన నీడనిచ్చే పాత చెట్లు పోయి, తవ్విపోసిన మట్టి ఎండకు తెరుచుకుంది. కదిలించిన నేల, నిండా ఎండ, పోటీ లేని చోటు, వయ్యారిభామకు కావాల్సింది ఇదే. మొలిచిన నాలుగు వారాల్లో పూతకొస్తుంది. ఒక్క మొక్క 15,000 నుంచి 25,000 గింజలు రాలుస్తుంది. తేలికైన ఆ గింజ టైరు బురదలో, జేసీబీ బకెట్‌లో, పక్క కాలువ నీటిలో ప్రయాణిస్తుంది. లోపల పూడిన గింజ ఏళ్లపాటు బతికే ఉంటుంది.

ఇక కోత. చాలాచోట్ల గుత్తేదారు మనుషులు వానలు తగ్గాక, దసరా దగ్గరపడ్డాక దిగుతారు. అప్పటికి తొలకరి మొక్క గింజ రాల్చేసి ఉంటుంది. గ్రాస్ కట్టర్ పెడితే మిగిలిన గింజ దూరం చెదురుతుంది. మోడు మిగిలితే పక్క కొమ్మలు వేసి మళ్లీ పూస్తుంది. ఆ కోతలోనే బతుకమ్మకు పనికొచ్చే గునుగు, తంగేడు కూడా పోతాయి. ఖాళీ అయిన చోట మళ్లీ మొదట లేచేది వయ్యారిభామే.

తొలకరి పడ్డ మూడు వారాలకు, పూత రాకముందు, నేల తడిగా ఉండగా మొదలు దగ్గర పట్టుకుని వేరుతో సహా పీకడం మేలైన పని. చేతులకు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, మాస్క్ లేకుండా కూలీలను దింపకూడదు. ఈ మొక్కలోని పార్థెనిన్ అనే రసాయనం చర్మంపై దద్దుర్లు తెస్తుంది, పుప్పొడి ఉబ్బసాన్ని రేపుతుంది. పూయని మొక్కలను 3 అడుగుల లోతు, 6 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు గుంతలో పేడనీళ్లు, మట్టి పొరలతో వేస్తే నాలుగైదు నెలల్లో ఎరువవుతుంది. పూసినవాటిని మాత్రం అందులో వేయొద్దు.

మందులు కొట్టేవాళ్లు ఎక్కువగా తప్పేది పొలం పక్కనే. 2,4-డి సోడియం సాల్ట్ అనే కలుపు మందు లీటరుకు 2–3 గ్రాములు లేత మొక్కపై బాగా పనిచేస్తుంది. కానీ గాలికి పక్క పత్తిపై పడితే ఆకు బెండాకులా చీలి ముడుచుకుంటుంది. మన జిల్లాల్లో పత్తి చేను రోడ్డు కాలువ దాకా ఉంటుంది కాబట్టి అక్కడ దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. మరో కలుపు మందు గ్లైఫోసేట్ లీటరుకు 10 మి.లీ. అంటారు. పచ్చగా ఉన్నదాన్నంతా చంపుతుంది, గునుగునీ వదలదు. బురద నీటిలో కలిపినా, ఆకుపై దుమ్ము పేరుకున్నా పని చేయదు. అక్రమ హెచ్‌టీ (కలుపు మందును తట్టుకునే) పత్తి కారణంగా తెలంగాణ 2018లో దీని అమ్మకాలపై ఆంక్షలు పెట్టింది. పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలని కేంద్రం 2022 అక్టోబరులో నోటిఫై చేసింది. ఉప్పు ద్రావణం లీటరుకు 200 గ్రాములు చల్లితే ఆకు మాడుతుంది, కానీ నేల చెడుతుంది. మొక్కలు నాటబోయే అంచుల్లో అది తగదు.

వయ్యారిభామ ఆకు తినే మెక్సికో పెంకు పురుగును 1983లో తెప్పించి, 1984లో బెంగళూరులో వదిలారు. పొద్దుతిరుగుడు పంటనూ తింటోందన్న భయంతో 1990ల్లో విడుదల ఆపి, పరిశీలించాక మళ్లీ అనుమతించారు. వానాకాలంలో ఆకును జల్లెడ చేస్తుంది, ఎండలు ముదిరితే నేలలో దాక్కుంటుంది. దాని సంఖ్య పెరిగేసరికి తొలి గింజ రాలిపోతుంది కనుక పీకడానికి తోడుగానే దీన్ని లెక్కించాలి. పురుగు ఉన్నచోట మందు కొట్టొద్దు.

సర్కారు తుమ్మను నేలమట్టంగా నరికితే ఒక కాండం బదులు పది లేస్తాయి. వేరు మొదలును అడుగు లోతున తవ్వి తీయాలి, అదీ కాయ ముదరకముందు.

ఖాళీ అయిన అంచున తంటెం, వెంపలి గింజలు తొలకరికి ముందే చల్లితే అవి చోటు ఆక్రమిస్తాయి. తంగేడు నాటితే ఇంకా మేలు. డివైడర్లలో కోనోకార్పస్ అనే పరదేశి చెట్టును నాటిన తప్పు మళ్లీ జరగకూడదు.

రోడ్డు నిర్వహణ టెండర్లలో "ఏడాదికి ఒక కోత" అని కాకుండా జూన్ ఆఖరున, ఆగస్టు రెండో వారంలో, అక్టోబరులో పీకుడు అని తేదీలతో రాయాలి. గింజ నిల్వ నేలలో ఏళ్లపాటు ఉంటుంది కాబట్టి ఒకే గుత్తేదారుకు కనీసం మూడేళ్లు అప్పగించాలి. బిల్లును కోసిన కిలోమీటర్ల లెక్కన కాక, సెప్టెంబరులో ఆ అంచున పూసిన మొక్కలు ఎన్ని మిగిలాయో చూసి చెల్లించాలి.