సీఆర్‌పీ అంకె వెనక తొంభై ఏళ్ల కథ

వానాకాలం వచ్చిందంటే పిల్లల డాక్టర్ల దగ్గర కూర్చోవడానికి చోటుండదు. మూడో రోజుకీ జ్వరం దిగకపోతే రక్తపరీక్ష రాస్తారు. సాయంత్రానికి రిపోర్టు ఫోన్‌కి వస్తుంది. సీఆర్‌పీ ఎక్కువగా ఉందని కనపడగానే ఇంట్లో టెన్షన్. వైరల్ అన్నారు కదా, మరి ఇదెందుకు పెరిగింది? అడగాల్సిన ప్రశ్నే. ఎందుకంటే ఈ పరీక్ష మూలాలు వైరస్‌లలో లేవు.

1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో విలియం టిలెట్, థామస్ ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల రక్తాన్ని పరీక్షిస్తున్నారు. యాంటీబయాటిక్స్ ఇంకా చేతికి రాని కాలం. న్యుమోకాకస్ బ్యాక్టీరియా నుంచి తీసిన 'సి' అనే పదార్థాన్ని రోగి రక్తరసంలో కలిపితే, అది విరిగి మడ్డిగా పేరుకునేది. జబ్బు ముదిరి ఉన్నప్పుడే అలా జరిగేది. కోలుకున్నాక అదే మనిషి రక్తంలో ఏమీ కనిపించేది కాదు. యాంటీబాడీ అయితే కోలుకునేసరికి పెరగాలి, ఇది మాయమైపోతోంది! 'సి'తో చర్య జరుపుతుంది కాబట్టి సి-రియాక్టివ్ ప్రోటీన్, పొట్టిగా సీఆర్‌పీ, అన్న పేరు స్థిరపడింది. ఆ ఫ్రాన్సిసే తర్వాత వైరస్‌ల వైపు మళ్లారు. పోలియో టీకా పనిచేస్తుందని 1955లో ప్రకటించింది ఆయనే.

1947లో మెక్లిన్ మెకార్టీ ఈ ప్రోటీన్‌ను స్ఫటికాలుగా వేరుచేశాక పరీక్ష తేలికైంది. కీళ్లవాతం జ్వరంతో గుండె దెబ్బతినే పిల్లల్లో వాపు తగ్గిందా లేదా అన్నది దీనితో చూసేవారు. అంటే మొదట్నుంచీ ఇది చెప్పేది ఒంట్లో మంట (ఇన్‌ఫ్లమేషన్) ఎంత ఉందన్నదే. ఆ మంట పెట్టింది ఎవరన్నది కాదు.

ఈ ప్రోటీన్‌ను తయారుచేసేది కాలేయం. ఐఎల్-6 అనే సంకేతం అందగానే పని మొదలుపెడుతుంది. ఆరు గంటల్లో రక్తంలో పెరగడం మొదలై, దాదాపు రెండు రోజులకు శిఖరానికి చేరుతుంది. మంట చల్లారితే సుమారు 19 గంటలకోసారి సగమవుతుంది. జ్వరం వచ్చిన కొద్ది గంటలకే చేయించిన పరీక్షలో తక్కువ వచ్చిందని ధైర్యపడలేనిది ఇందుకే.

బ్యాక్టీరియా అయితే ఎక్కువ, వైరస్ అయితే తక్కువ అన్న లెక్క చాలామంది పిల్లల్లో సరిపోతుంది. అందరిలో కాదు. గొంతు, కళ్లు ఎర్రబడేలా చేసే అడినోవైరస్ లాంటివి కూడా సీఆర్‌పీని బ్యాక్టీరియా స్థాయికి తీసుకెళ్లగలవు. ఇంతకంటే కచ్చితమైన గుర్తు కోసం వెతుకులాట సాగింది. 1993లో పారిస్ వైద్యులు 79 మంది పిల్లల్ని పరిశీలించి, తీవ్రమైన బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌లో రక్తంలో ప్రోకాల్సిటోనిన్ అనే పదార్థం బాగా పెరుగుతుందనీ, వైరస్ అయితే పెద్దగా పెరగదనీ చూపించారు.

2020 ఏప్రిల్‌లో లండన్ పిల్లల ఐసీయూలో ఈ లెక్కలన్నీ తలకిందులయ్యాయి. పది రోజుల వ్యవధిలో ఎనిమిది మంది పిల్లలు షాక్‌తో, అంటే రక్తప్రసరణ కుప్పకూలే స్థితిలో, చేరారు. సీఆర్‌పీ, ఫెరిటిన్ (ఇనుమును నిల్వచేసే ప్రోటీన్), ప్రోకాల్సిటోనిన్ అన్నీ ఆకాశాన్నంటాయి. బ్యాక్టీరియా మాత్రం దాదాపు ఎవరిలోనూ దొరకలేదు. కరోనా వచ్చి వెళ్లిన కొన్ని వారాలకు శరీరమే రగిలించుకున్న మంట అది. పిల్లల్లో పలు అవయవాలను పట్టే ఈ మంటకు ఎంఐఎస్-సి అని పేరు పెట్టారు. కరోనా వేవ్‌ల తర్వాత మన దగ్గరా పిల్లల డాక్టర్లు దీన్ని చూశారు. అక్కడ ఆ అంకెలు పట్టించుకోకపోతే గుండెకు ముప్పు.

వైరస్ సోకితే పెరిగి, బ్యాక్టీరియా సోకితే తగ్గే ట్రెయిల్ అనే ప్రోటీన్‌ను ఇప్పుడు సీఆర్‌పీ, ఐపీ-10 అనే మరో ప్రోటీన్‌తో కలిపి కొలిచే పరీక్ష ఉంది. 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి అనుమతి ఇచ్చింది. మన ఊళ్లలో ఇప్పటికీ ముందు చేయించేది సీఆర్‌పీనే. ఆ రిపోర్టు చూసేటప్పుడు ఒకటి గమనించండి. కొన్ని ల్యాబ్‌లు లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని ఇస్తాయి, కొన్ని డెసీలీటరుకు ఇస్తాయి. మొదటి లెక్కలో 40, రెండో లెక్కలో 4 ఒకటే. నిన్న ఒక ల్యాబ్‌లో, ఈరోజు ఇంకో ల్యాబ్‌లో చేయిస్తే, పెరిగిందో తగ్గిందో తేల్చుకునే ముందు అంకె పక్కనున్న యూనిట్ చదవండి.