ఆఫ్రికా దున్న వేట: తూటా ఎంపిక వెనుక నూట యాభై ఏళ్ల వాదన

జింబాబ్వే, మొజాంబిక్, టాంజానియా వంటి దేశాల్లో లైసెన్సు మీద దున్నల వేట నేటికీ సాగుతోంది. అక్కడికి వెళ్లే వేటగాళ్లు ఏ రైఫిల్ తీసుకెళ్లాలన్న దాని మీద గంటల తరబడి వాదించుకుంటారు గాని, ఈ వేట చరిత్రను పరిశీలిస్తే తుపాకి కంటే తూటా నిర్మాణమే ఎక్కువ చిక్కులు తెచ్చిందని తెలుస్తుంది. ఆఫ్రికా దున్న మన పాపికొండల్లో తిరిగే అడవిదున్న కాదు. అది వేరే జాతి. (మన అడవిదున్నను వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.) ఎదిగిన ఆఫ్రికా పోతు 700 కిలోల పైచిలుకు తూగుతుంది. దాని చర్మం దళసరి, పక్కటెముకలు వెడల్పు, గుండె ఛాతీలో బాగా కిందికి, ముందుకాళ్ల మధ్య ఉంటుంది. గురి తప్పి గాయపడిన పోతు పొదల్లో దూరి, తనను వెంబడించేవారి కోసం కాచుకుని ఉంటుందన్న పేరు ఊరికే రాలేదు.

పాతకాలపు నల్ల తుపాకిమందు రోజుల్లో మార్గం ఒక్కటే: గుండును పెద్దది చేయడం. పౌను సీసంతో ఎన్ని గుండ్లు వస్తే అన్ని బోర్లు కనుక, 4 బోరు తుపాకి గుండు పావు పౌను, అంటే దాదాపు 113 గ్రాములు. మెత్తని సీసం ఎముకకు తగిలి చప్పిడి కాకుండా అందులో తగరం కలిపేవారు. 1870లలో ఇలాంటి తుపాకులతో వేటాడిన ఫ్రెడరిక్ సెలూస్, అవి వెనక్కి తన్నే తాకిడికి తన నరాలు దెబ్బతిని గురి కూడా చెడిందని తర్వాత చెప్పుకొన్నాడు.

1880లలో పొగరాని మందు, రాగి తొడుగు తూటా వచ్చాక తూటా వ్యాసం తగ్గింది, వేగం పెరిగింది. 1898లో రిగ్బీ సంస్థ తెచ్చిన .450 (ఈ అంకె సుమారుగా అంగుళాల్లో వ్యాసం) నైట్రో ఎక్స్‌ప్రెస్ 480 గ్రెయిన్ల తూటాను, అంటే సుమారు 31 గ్రాముల దాన్ని, సెకనుకు 650 మీటర్ల వేగంతో పంపేది. ఆ కొలత మీద దెబ్బ పడింది మాత్రం భారతదేశం నుంచి. మార్టినీ-హెన్రీ సైనిక తుపాకులు తిరుగుబాటుదారుల చేతికి చిక్కితే ఈ తూటాలు వాటికి పనికొస్తాయన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ .450 రైఫిళ్లను, తూటాలను నిషేధించింది. తయారీదారులు కొలత కాస్త మార్చి .465, .470, .475 అంటూ కొత్తవి తెచ్చారు. ఆఫ్రికాలో నేటికీ ఆదరణ ఉన్న .470కి అంత గిరాకీ రావడానికి ఒక కారణం, దున్నతో ఏ సంబంధమూ లేని ఈ పోలీసు జాగ్రత్తే.

తొడుగు తూటా రెండు రకాలైంది. మొన దాకా గట్టి లోహం కప్పినది సాలిడ్. మొన దగ్గర సీసం బయటికి కనిపించేలా వదిలినది సాఫ్ట్. రెండో రకాన్ని కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధశాల 1890లలో సైనికుల కోసం తయారుచేసి అపఖ్యాతి పాలైంది. ఒంట్లో విచ్చుకునే తూటాలను యుద్ధంలో వాడరాదని 1899లో హేగ్ సమావేశం ప్రకటించింది. వేటకు ఆ నిషేధం వర్తించదు. అయితే అప్పటి సాఫ్ట్ తూటా దున్న భుజం ఎముకకు తగిలితే పైపైనే పగిలి, గుండె దాకా చేరకముందే ఆగిపోయేది. సాలిడ్ సంగతి వేరు: అది ఒక పోతు ఒంట్లోంచి దూసుకుపోయి వెనుక నిలబడిన మరొకదానికి తగలవచ్చు. మందలోని పోతుకు గురి పెట్టిన వేటగాడిని గైడ్ ‘ఆగండి, వెనకది కదలనివ్వండి’ అని ఆపడం అందుకే.

1911లో .416 రిగ్బీ, 1912లో .375 హెచ్ అండ్ హెచ్ మ్యాగ్నమ్ వచ్చాయి. 300 గ్రెయిన్ల తూటాతో పేరు తెచ్చుకున్న ఈ రెండోదే ఇప్పుడు పలు దేశాల్లో దున్న వేటకు కనీస కొలత. 1948లో ఆఫ్రికాలో వేటాడిన జాన్ టేలర్ తూటా బరువును, వేగాన్ని, వ్యాసాన్ని హెచ్చించి దెబ్బ బలాన్ని లెక్కగట్టే సూత్రం ఇచ్చాడు. నేటికీ చాలామంది దాన్ని వల్లిస్తారు. తూటా దేనితో, ఎలా తయారైందన్నది మాత్రం ఆ లెక్కలో ఎక్కడా లేదు.

ఆ కొరత తీర్చిన తొలి ప్రయత్నాల్లో పేరొందినది ఆఫ్రికాలో కాక కెనడాలో మొదలైంది. 1946లో అమెరికన్ వేటగాడు జాన్ నోస్లర్ పేల్చిన తూటాలు, ఒంటినిండా బురద ఎండిన ఒక మూస్ దుప్పికి తగిలి లోపలికి దిగకుండానే ఛిద్రమయ్యాయి. ఇంటికి వచ్చి అతడు చేసిన పార్టిషన్ తూటాను నిలువునా కోస్తే ఇంగ్లిష్ ‘హెచ్’ అక్షరం కనిపిస్తుంది: నడుమ రాగి అడ్డుగోడ, దానికి ముందూ వెనుకా సీసం. ముందు సగం విచ్చుకుంటుంది, వెనుక సగం చెదరకుండా లోపలికి తోసుకుపోతుంది. తర్వాతి దశాబ్దాల్లో సీసాన్ని తొడుగుకు అతికించిన తూటాలు, 1980ల చివర బార్న్స్ సంస్థ తెచ్చిన పూర్తి రాగి తూటాలు వచ్చి దున్న వేటలో సాఫ్ట్ మీద నమ్మకం నిలబెట్టాయి.

వేగం వైపు నుంచీ ఒక పాఠం ఉంది. 1956లో వచ్చిన .458 వించెస్టర్ మ్యాగ్నమ్ తూటాలో మందు నింపే ఇత్తడి గొట్టం పొట్టిది కావడంతో మందును కుక్కి నింపాల్సి వచ్చేది; నిల్వలో అది గడ్డకట్టి సరిగా మండక కొన్ని తూటాలు నీరసంగా పేలేవి. మొజాంబిక్‌లో దున్న దాడిలో తీవ్రంగా గాయపడిన వేటగాడు జాక్ లాట్, ఇంతకంటే బలమైనది కావాలని 1971లో .458 లాట్‌ను రూపొందించాడు.

ఇప్పుడు చాలామంది తొలి తూటాగా గట్టి నిర్మాణం గల సాఫ్ట్ పెట్టి, దాని కింద మ్యాగజైన్‌లో సాలిడ్లు నింపుకుంటారు. మొదటి దెబ్బకు పోతు పక్కకు తిరిగి నిలబడి ఉంటుంది. రెండో దెబ్బ నాటికి అది వెనుదిరిగి పారిపోతుంటుంది, తుంటి నుంచి ఛాతీ దాకా ఎక్కువ నమ్మకంగా దిగేది సాలిడ్. నేటి సాఫ్ట్‌ల మీద గురి కుదిరినవారు అన్నీ అవే నింపుతారు. పక్కనే నిలబడే గైడ్ల డబుల్ రైఫిల్‌లో మాత్రం తరచు రెండు గొట్టాల్లోనూ సాలిడ్లే ఉంటాయి.