కిటికీలో ఆకాశం ఎంత?

నెల్లూరు మూలాపేట లాంటి పాత పేటల్లో ఇళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. మిట్టమధ్యాహ్నం బయట ఎండ మండిపోతున్నా లోపల ట్యూబ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది. కిటికీలు లేక కాదు. రెక్కలు తీసే ఉంటాయి, వాటి ఎదురుగా మూడడుగుల్లో పక్కింటి గోడ.

కిటికీ పెద్దదైతే వెలుతురు బాగా వస్తుందనుకుంటాం. అంతకన్నా ముఖ్యం, కూర్చున్న చోటి నుంచి అందులో ఆకాశం ఎంత కనిపిస్తోందన్నది. పిల్లలు కింద కూర్చుని రాసుకునే చోట మీరూ కూర్చుని చూడండి. జానెడు ఆకాశం కూడా కనబడకపోతే, అక్కడికి చేరేది గోడల మీద పడి తిరిగొచ్చిన వెలుగే. తెల్లగా సున్నం కొట్టిన గోడ ఆ వెలుగులో ముప్పాతిక వంతు దాకా తిప్పి పంపుతుంది. పాచిపట్టిన గోడ చాలావరకు మింగేస్తుంది. పక్కింటివాళ్లు ఒప్పుకుంటే మన ఖర్చుతోనే వాళ్ల గోడకు సున్నం కొట్టించడం మంచిదంటాను.

గిద్దలూరు, మార్కాపురం వైపు పాత మట్టిమిద్దెల్లో కప్పుకే గవాచి ఉంటుంది. చిన్న కంత, వానొస్తే పైన మూత. మబ్బు కమ్మిన రోజు నడినెత్తి ఆకాశం, దూరాన నేలను తాకే ఆకాశం కంటే సుమారు మూడు రెట్లు కాంతిగా ఉంటుంది. గవాచి చూసేది ఆ నడినెత్తినే. అంతే సైజు గోడ కిటికీకి ఎదురుగా ఏ అడ్డూ లేకపోయినా, అలాంటి రోజున గవాచి మీద పడే వెలుగులో 40 శాతమే దాని మీద పడుతుంది.

మసక గదిలో ఉంటే మసకగా ఉందని అనిపించదు, అదే చిక్కు. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. బయట ఎండ దాదాపు లక్ష లక్స్. ట్యూబ్‌లైటు గదిలో రెండు మూడు వందలు. కన్ను ఇట్టే సర్దుకుంటుంది, ఒంట్లోని గడియారం సర్దుకోదు. కంటి వెనకపొర రెటీనాలో, మెలనాప్సిన్ అనే కాంతిని పట్టే ప్రోటీన్ ఉన్న కొన్ని కణాలు 480 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి నీలికాంతిని పట్టి మెదడుకు పగలైందని చెబుతాయి. పగలంతా ఆ కబురు సరిగా అందకపోతే రాత్రి నిద్ర కూడా దారి తప్పుతుంది. ఇల్లు కదలలేని పెద్దవాళ్ల మంచాన్ని ముందు వెలుతురున్న వైపుకు జరపండి.

మరి ఎండ వేడి? జూన్ నడిపొద్దున నెల్లూరులో సూర్యుడు కాస్త ఉత్తరానికి ఒరిగి, 81 డిగ్రీల ఎత్తున ఉంటాడు. ఉత్తరపు కిటికీ మీద అడుగు సన్‌షేడ్ ఉంటే అప్పుడు ఆరడుగుల కిందిదాకా నీడే. డిసెంబరులో దక్షిణం నుంచి 52 డిగ్రీల్లో వచ్చే ఎండ మాత్రం లోపలికి దూరుతుంది, అప్పుడది హాయే. పడమటి కిటికీకి సన్‌షేడ్ చాలదు, సాయంత్రపు ఎండ దాని కిందుగా వస్తుంది. అక్కడ వెదురు తడిక బయటివైపే కట్టాలి. లోపల కర్టెన్ వేస్తే వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది.